ఆర్పిన పొయ్యిలోని నిప్పులు

"పొయ్యి అంటిస్తావా, నన్నే అంటియ్యమంటావా అత్తా?"

కృపమ్మ పెరట్లో వెల్లకిలా పడి ఉన్న గంప వైపు చూస్తూ కూర్చుంది. నిన్న నడిపొద్దున కోడలు లూదియా కాలితో తన్నిన గంప అది. ఎట్లా పడిందో అట్లానే ఉంది. చుట్టూ సగం తెల్లబడిన ఈతాకులు, చల్లారిన నిప్పుల సట్టి. ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఎవరూ దాన్ని ఎత్తలేదు.

నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు. రాత్రి పక్కింటి హన్నమ్మ పంపిన సంగటి తిని పడుకున్నారు, అదీ ఎవరు తిన్నారో ఎవరు తినలేదో ఒకరికొకరు చూసుకోకుండా.

"నిన్నే అత్తా."

"బాలస్వామీ," అని కృపమ్మ లోపల గడ్డం గీసుకుంటున్న కొడుకును పిలిచింది. "నీ పెండ్లానికి చెప్పు నాయనా. ఈ ఇంట్లో పొయ్యి ఎప్పుడు అంటియ్యల్లో, ఎప్పుడు ఆర్పల్లో చెప్పేది ఆయమ్మే గదా. ఇప్పుడు కొత్తగా నన్నెందుకు అడుగుతాంది?"

"మా, పొద్దున్నే ఏందిమా ఇది," అన్నాడు బాలస్వామి సగం నురుగు మొహంతో.

గోడ అవతల నుంచి హన్నమ్మ తల కనిపించింది. "ఏం కృపమ్మా, ఈ పొద్దు కూడా ఉపవాసమేనా? శ్రమల దినాలు అయిపాయె, ఈస్టరు కూడా పాయె గదా!"

"మాకు దేవుడు పెట్టిన ఉపవాసాలు కావులే హన్నమ్మా. అమెరికావాళ్ల ఉపగ్రహం పెట్టిన ఉపవాసాలు."

హన్నమ్మ నవ్వబోయి లూదియా మొహం చూసి మానుకుంది. తల గోడ వెనక్కి దిగిపోయింది.

కృపమ్మ మాటలో వెటకారం ఉంది గానీ అబద్ధం లేదు. మూడేళ్లు కావస్తోంది, ఆ ఇంటి మిద్దె మీద యూనివర్సిటీవాళ్లు ఒక గొట్టం నిలబెట్టి. ఎండలో కంటికి కనపడని వెలుగు ఒకటుంటుంది. గాలిలో గంధకపు వాయువు ఉంటే ఆ వెలుగును కొంత మింగేస్తుంది. ఎంత మింగితే గొట్టం కింది పెట్టెలో ముల్లు అంత పడుతుంది. ఉపగ్రహం రోజూ నడిపొద్దుకు ఆళ్లగడ్డ మీదుగా పోతుంది కాబట్టి లూదియా కూడా ఆ వేళకే మిద్దెక్కి గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పి ముల్లు చూస్తుంది. పైనుంచి అది చూసిందీ, కిందినుంచి ఈమె చూసిందీ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి పోల్చాలని వాళ్ల ఆలోచన. పిడకల పొగ అడ్డం రాకూడదు గనుక పన్నెండుకు ముందే పొయ్యి ఆర్పాలని లూదియా ఇంట్లో కట్టడి పెట్టింది. కృపమ్మ గొణిగింది, తిట్టింది. కానీ ఒక్క పూట కూడా తప్పలేదు.

ఆర్పిన పొయ్యిలో నిప్పులుంటాయని, ఆ నిప్పులను అత్త ఊరికే పోనివ్వదని, నిన్న పెరట్లో గంప కింద గంధకపు పొగ చూసేదాకా లూదియాకు తట్టలేదు.

"పొయ్యి ఆర్పమంటివి, ఆర్పితి," అంది కృపమ్మ. కొడుకును వదిలి ఇప్పుడు నేరుగా కోడలితోనే. "వంట లేని పొద్దు, చేతులు కట్టుకొని కూర్చోల్లా? ఆ నిప్పులే సట్టిలో ఎత్తుకొని, ఇంత గంధకం చల్లి, పైన గంపేసి విసనకర్రలల్లే ఆకుకు పొగ పెట్టుకుంటి. పొగ పెడితేనే గదా ఆకు తెల్లగా వచ్చేది. మట్టల ఆదివారం గుడి నిండా నా శిలువలే మెరిసిపోలే? అప్పుడు బాగుండాయంటివే!"

"తెల్లగా ఎట్లా వస్తాయో నాకు చెప్పినావా?"

"చెప్పేదేముంది? నీ కాళ్ల కిందే గదా చేసింది. నువ్వు సూర్యున్నే చూస్తివి గానీ కిందికి ఎప్పుడన్నా చూస్తివా?"

లూదియా గిర్రున తిరిగి మిద్దె మెట్లెక్కేసింది.

*

బాలస్వామి మొహం తుడుచుకొని వెనకే ఎక్కాడు. శిల్పుల వీధి నుంచి ఉలి చప్పుళ్లు వస్తున్నాయి. లూదియా గొట్టం మీద కప్పిన గుడ్డ తీస్తోంది, మళ్లీ కప్పుతోంది.

"యూనివర్సిటీ సార్‌కు చెప్పొద్దు," అన్నాడు.

"ఈ పొద్దు వస్తాండాడు గదా. ఆ లెక్కలు తీసుకొని నేరుగా బెంగుళూరు సభకు పోతాడు."

"అందుకే చెప్పొద్దంటాండా. మొన్న నంద్యాలలో మా హెడ్‌మాస్టర్ ముందర ఆయన ఎంత గొప్పగా చెప్పె! ఆళ్లగడ్డలో ఒక మిద్దె మీద ఒక ఆడమనిషి అమెరికా ఉపగ్రహం తప్పు పట్టుకుందని. మా స్టాఫురూములో అందరూ నన్నే చూస్తిరి. టీ కూడా వాళ్లే తాపించిరి."

"నేను పట్టింది ఉపగ్రహం తప్పు కాదు. మీ అమ్మ విసనకర్రలు."

అసలు సంగతి అదే. మొదటి ఎండాకాలం ముల్లు కొంచెమే పడింది. రెండో ఎండాకాలం ఇంకొంచెం. ఈ ఏడు బాగా. ఉపగ్రహం లెక్కల్లో మాత్రం ఆళ్లగడ్డ మీద ఏ ఏడూ ఏమీ లేదు. ఊరి చివర సున్నపు బట్టీల పొగ ఏటేటా పెరుగుతోందనీ, పైనున్న ఉపగ్రహం కన్ను మసకబారి దాన్ని చూడలేకపోతోందనీ వెంకటేశ్వర్లు సార్ తేల్చాడు. ఏటేటా పెరిగింది నిజానికి కృపమ్మ విసనకర్రల గిరాకీ. మొదట గుడికి, తర్వాత నంద్యాల అంగడికి, ఈ ఏడు పెండ్లిండ్లకు.

"ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు బాలస్వామి గొంతు తగ్గించి. "రేపటి నుంచి అమ్మ పొగ పెట్టదు. ముల్లు సక్కగా నిలబడుతుంది. బట్టీలు ఆగిపోయినాయనుకుంటారు."

"బట్టీలు ఆగలేదని ఊరంతా చూస్తాంది గదప్పా."

"అయితే చెప్పు. గొట్టం పీక్కొని పోతారు. మూడేండ్లు నువ్వు మండుటెండలో నిలబడిందంతా ఉత్తదే అంటారు. మీ యమ్మను మట్టి చేసిన పొద్దు కూడా..."

అంతటితో ఆపేశాడు. అనకూడని మాట అని అతనికే తెలిసింది.

నందికొట్కూరు నుంచి అమ్మ పోయిందని కబురొచ్చిన రోజు లూదియా బస్సు వదులుకుంది. ఒక్క రోజు తప్పినా వరస తెగిపోతుందని నడిపొద్దు దాకా ఆగి, ముల్లు చూసి, తర్వాతి బస్సెక్కింది. ఆమె చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరింది. అక్క ఇప్పటికీ సరిగ్గా పలకదు.

ఆ రోజు తను చూసిన ముల్లు ఆకాశాన్ని చెప్పిందా, పెరట్లో గంపను చెప్పిందా? నిన్నటి నుంచి లూదియాను వదలనిది అదొక్కటే. అత్తను అడగాలి. అడిగితే ఏం చెబుతుందో అన్న భయానికి అడగలేదు.

"ఒక్క పెద్దది వచ్చి ఉంటే," అంది చివరికి. "సార్ ఎప్పుడూ చెప్పేవాడు. యాడన్నా పెద్ద నిప్పుల కొండ పగిలి గంధకం మన దాకా కొట్టుకొస్తే, ఆ పొద్దు అదీ చూడల్ల, ఇదీ చూడల్ల. అప్పుడు రెండూ నిజమని తేలుతుందని. దానికోసమే గదా కాచుకొని ఉండింది."

"మెక్సికోలో పగిలింది గదా. పాస్టర్ అయ్య ప్రార్థన కూడా చేయించె."

"అది భూమికి అవతలి పక్క. వస్తుందో రాదో ఎవరికి తెలుసు?" లూదియా గుడ్డ కప్పి ముడి వేసింది. "వచ్చినా ఇంక నా మాట ఎవరు నమ్ముతారు?"

కింద రోడ్డు మీద నంద్యాల బస్సు హారను మోగింది.

*

వెంకటేశ్వర్లు సార్ గొడుగు మడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. నంద్యాల పక్క భూములున్న ఇంటి మనిషి. యూనివర్సిటీలో పెద్ద చదువు చెబుతాడు. మంచివాడే. వచ్చినప్పుడల్లా తాగే నీళ్లు మాత్రం తన ఫ్లాస్కులోనే తెచ్చుకుంటాడు. ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"ఏమ్మా లూదియా, అంతా సిద్ధమేనా? బెంగుళూరులో నీ పేరు చదువుతానమ్మా. అచ్చంగా నీ పేరే."

"చదవద్దు సార్."

బాలస్వామి దగ్గాడు. లూదియా అటు చూడలేదు. నిలబడే చెప్పింది. పొయ్యి, నిప్పులు, గంధకం, గంప. చెప్పేటప్పుడు కొంగు చివర వేలికి చుట్టుకొని చుట్టుకొని తాడయిపోయింది.

సార్ ఫ్లాస్కు మూత తీసి నీళ్లు పోసుకున్నాడు. తాగలేదు.

"ఏ రోజుల లెక్కలు మంచివి, ఏవి చెడ్డవి?"

"తెలీదు సార్. ఎండాకాలానివే అనుకుంటాండా. కానీ గట్టిగా చెప్పలేను."

"గంధకం వాసన వస్తోందని చెప్పినావే! బట్టీల వాసన అని నువ్వే అన్నావే!"

"వాసన నిజమే సార్. ఎవరిదో చూడకుండా బట్టీలవాళ్ల మీద వేసినా. అది నా తప్పు."

"ఉపగ్రహం కన్ను మసకబారిందని నేను రాసి పంపినానమ్మా! అంత పెద్దవాళ్ల ముందర నిలబడి ఇప్పుడేం చెప్పాల? ఈతాకు విసనకర్రలని చెప్పాల్నా?"

"తెల్లగా ఉంటాయని కూడా చెప్పు సారూ," అంది లోపలి నుంచి కృపమ్మ.

బాలస్వామికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సార్ మొహం ఎర్రబడింది.

"నేను నమ్మను," అని లేచాడు. "ఒక గంప పొగకు అంత ముల్లు పడుతుందా? నా కంటితో చూడాల. ఈ పొద్దే, ఆ వేళకే, ఎప్పుడూ చేసినట్లే చేయమను. ముల్లు పడకపోతే నీ లెక్కలు నిలుస్తాయి, నేను బెంగుళూరు పోతా. పడిందంటే మూడేళ్లదీ కొట్టేసి, గొట్టం విప్పుకొని సాయంత్రం బస్సుకే తీసుకుపోతా. ఆపైన ఈ మిద్దె మీద చూసినది ఏదీ చెల్లదు."

లూదియా అత్త వైపు చూసింది. కృపమ్మ తలుపుకు ఆనుకొని నిలబడింది.

"నేను చేయను," అంది.

"అత్తా..."

"కాలితో తన్నిన గంప. అది నాకు అన్నం పెట్టేది. మీరు చూసే ముల్లు మీకెట్లనో నాకదట్ల. తన్నినోళ్లే ఎత్తల్ల. పొయ్యి కూడా వాళ్లే అంటియ్యల్ల."

"మా, సార్ ముందర..." అన్నాడు బాలస్వామి.

"సార్ ముందరే."

లూదియా పెరట్లోకి పోయింది. గంపను రెండు చేతులతో ఎత్తి, మట్టి దులిపి, గోడకు ఆనించింది. చెదిరిన ఆకులు ఒక్కొక్కటే ఏరింది. పొయ్యి దగ్గర కూర్చొని పిడకలు పేర్చి అంటించింది. అలవాటు తప్పిన పొయ్యి ముందు పొగనే ఇచ్చింది. కళ్లు తుడుచుకుంది. అది పొగకే తుడుచుకుందని అనుకోవచ్చు.

కృపమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చొని పిడకలను సర్ది ఊదింది. మంట లేచింది.

"అత్తా."

"ఏందీ?"

"మా యమ్మ పోయిన పొద్దు..." లూదియా ఒక పిడక ముక్కను పొయ్యిలోకి తోసింది. "ఆ పొద్దు కూడా గంపేసినావా?"

కృపమ్మ ఊదడం ఆపింది.

"పిచ్చిదానా," అంది కృపమ్మ. "సావు కబురొచ్చిన ఇంట్లో నేను పొయ్యి ఎట్లా అంటిస్తా? నిప్పులే లేవు ఆ పొద్దు."

లూదియా మోకాళ్ల మీద తల పెట్టుకుంది. కృపమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి, మసి అంటుతుందని తీసేసుకుంది.

"లే. బిరీన లే. నీ సూర్యుడు నెత్తి మీదికి వస్తాండాడు."

*

శిల్పుల వీధిలో ఉలి చప్పుళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. అన్నాల వేళ.

పొయ్యి ఆర్పేశారు. నిప్పులు సట్టిలోకి ఎత్తి కృపమ్మ పెరట్లో గోడవార కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే చోటే. మిద్దె పిట్టగోడ మీదికి వంగి బాలస్వామి నిలబడ్డాడు, పైమాట కిందికీ కిందిమాట పైకీ చేరవేయడానికి. సార్ పెట్టె ముందు ముక్కాలిపీట వేసుకొని ముల్లు మీద కళ్లు పెట్టాడు.

లూదియా గుడ్డ తీసింది. గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పింది. చేతులకు అలవాటైన పనే.

పడకూడదని కోరుకోవాలా? పడితే తన మాట నిజం, తన మూడేళ్లు అబద్ధం. పడకపోతే మూడేళ్లూ నిలుస్తాయి, కానీ నిలిచేది అబద్ధమని తనకు తెలుసు. ఏది కోరుకోవాలో తెలియకుండానే గొట్టం మూతి గాజుబిళ్ల తిప్పింది.

ముల్లు పడింది.

మామూలుగా పడినట్లు కాదు. ఇన్ని ఎండాకాలాల్లో ఎప్పుడూ పోనంత కిందికి పోయి అక్కడే ఆగింది.

సార్ నిట్టూర్చాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు ఇప్పుడు, అలసట ఉంది.

"చాల్లే. చూసినా. మీ అమ్మను గంప తీసేయమను బాలస్వామీ."

"మా, గంప తీసేయమంటాండాడు సార్!"

కింది నుంచి కృపమ్మ గొంతు కొంచెం చిరాకుగా వచ్చింది. "ఏం గంప? ఇంకా బోర్లించనే లేదే! ఆకు కూడా సర్దుకోలే."

బాలస్వామి వంగి చూశాడు. గంప గోడకే ఆనుకొని ఉంది. సట్టిలో నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయి. కృపమ్మ ఎడమ చెయ్యి పైకెత్తి పిడికిలి విప్పింది. అరచేతిలో పసుప్పచ్చని గంధకం ఉండ.

"సార్," అన్నాడు బాలస్వామి. "గంధకం అమ్మ చేతిలోనే ఉంది. ఇంకా వేయలేదు."

లూదియా గాలి పీల్చింది. ఎండిన మట్టి వాసన, హన్నమ్మ ఇంటి తాలింపు వాసన. గంధకం వాసన రవ్వంత కూడా లేదు. కొంగుతో గాజుబిళ్ల తుడిచింది. గొట్టం పక్కకు తిప్పి, మళ్లీ సూర్యుడి మీదికి తెచ్చింది. సార్ పెట్టెను వేలితో తట్టాడు. ముల్లు ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

ఆకాశంలో మబ్బు తునక లేదు. కానీ సూర్యుడి చుట్టూ నీలం సరిగ్గా నీలంగా లేదు. పాలు కలిపిన నీళ్ల మాదిరి తెల్లగా ఉంది.

"మెక్సికో," అన్నాడు బాలస్వామి, తనకు తానే చెప్పుకుంటున్నట్లు.

సార్ పైకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడే పోతాంది సార్ ఉపగ్రహం," అంది లూదియా. "మన నెత్తి మీదనే. మీరే చెప్తిరి గదా, వచ్చిన పొద్దు అదీ చూడల్ల, ఇదీ చూడల్లని. దాని కన్ను మసకబారిందో లేదో ఈ పొద్దు లెక్కతోనే తేలిపోతుంది."

"దాని లెక్క అమెరికా నుంచి వచ్చేసరికి ఏడాది పడుతుంది. అంతదాకా నీ మాట తప్ప నా దగ్గర ఏముంది? ఇంతకుముందే గదమ్మా, మూడేళ్ల లెక్కలు నమ్మొద్దని నీ నోటితో చెప్పినావు. ఇదొక్కటి నమ్మమని నేనెవరికి చెప్పాల?" సార్ ముక్కాలిపీట మీద నుంచి లేచాడు. "అసలు గంప పొగకు ముల్లు పడుతుందని తెలిస్తేనే గదా పాతవన్నీ కొట్టేయగలిగేది. అది కూడా ఇంకా తేలలేదు. వేయమను. వేసి చూద్దాం."

"ఇప్పుడు వేస్తే ఈ పొద్దుది కూడా చెడిపోతుంది సార్! మళ్లీ కొండ పగలాలంటే మనమెన్నేండ్లు కాచుకోవాల?"

"వేయకపోతే నువ్వు చెప్పింది నిజమని ఎట్లా తెలుస్తుంది?"

సార్ చెయ్యి బాలస్వామి వైపు సగం లేచి ఆగింది. వేయమనడానికి లేచిందో, వద్దనడానికి లేచిందో ఆ చేతికే తెలియదు. లూదియా రెండు చేతులా గొట్టాన్ని పట్టుకొని నిలబడింది, ఎవరో లాక్కుపోతారన్నట్లు.

కింది నుంచి కృపమ్మ కేక వేసింది.

"వేయమంటారా, వద్దంటారా? నిప్పులు ఆరిపోతాండాయి!"